భారతీయ నవలలో పెండ్లి సన్నాహము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. ఈ రెండు పనులలో మనుష్యుని ఓపిక, చేతిలోని డబ్బు, చుట్టముల స్వభావము ఒక్కసారిగా బయటపడునని దాని భావము. లగ్నపత్రిక వ్రాసిన నాటినుండి అప్పగింతలు ముగియువరకు ఒక గృహస్థు ఇంట జరుగు సంరంభము ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఎవరిని పిలువవలెను, ఎవరిని పిలువకున్న కోపగింతురు, విడిది ఎక్కడ, వంటవారెవరు, మేళము ఎవరిది, మగపెండ్లివారికి పంపిన కాఫీ చల్లారిపోయినచో ఆ నింద ఎవరి నెత్తిపై పడును అను ప్రశ్నలన్నియు పైకి చిన్నవే. కాని ఒక కుటుంబము తన్ను గురించి తాను ఏమనుకొనుచున్నదో, లోకము ఏమనుకొనవలెనని కోరుచున్నదో ఈ చిన్న ప్రశ్నలలోనే తేలిపోవును. హాస్యనవల వ్రాయదలచిన వానికి ఇంతకు మించిన సామగ్రి మరియొకచోట దొరకదు.

అయినను భారతీయ భాషల నవలాచరిత్రను తిరుగవేసినచో ఒక వింత కనబడును. బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ 1865లో వెలువడినది. అది మొదలు నాలుగైదు దశాబ్దముల నవలలలో పెండ్లిండ్లకు కొదువ లేదు. బాల్యవివాహములు, ముసలివారి పెండ్లిండ్లు, పీటలమీద ఆగిపోయిన పెండ్లిండ్లు, వితంతువుల పునర్వివాహములు అందులో కావలసినన్ని కలవు. కాని పెండ్లి సన్నాహమునే కథగా తీసికొని, ఇద్దరు యువజనుల అనురాగమును పెద్దల హడావుడితో కలిపి, పాఠకుని మొదటినుండి తుదివరకు నవ్వించిన నవల బహు అరుదు. ఏడ్పించు పెండ్లి ముందు వచ్చినది. నవ్వించు పెండ్లి వెనుక వచ్చినది. ఇట్లేల జరిగినదని విచారించినచో, తేలికగా చదివి పక్కన పెట్టదగినదని పేరుపడిన ఈ జాతి నవల నిజముగా అంత తేలికగా పుట్టలేదని తెలియును. దాని వెనుక శాసనములు, ఆచారములు, అప్పుపత్రములు నిలిచియున్నవి.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున భారతీయ రచయితలకు మాదిరిగా కనబడినది ఆంగ్ల నవల. ఆ నవలలో పెండ్లి కథకు ఒక చక్కని కట్టుబాటు కలదు. జేన్ ఆస్టిన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో అచ్చయినది. అందలి నాయిక ఎలిజబెత్ ఇరువది యేండ్ల యువతి. తన్ను కోరివచ్చిన కోలిన్స్‌ను ఆమె కాదన్నది. అంతకంటె ఎంతో ధనికుడైన డార్సీని సైతము మొదటిసారి కాదన్నది. కాదనుటకును ఔననుటకును నడుమనున్న కాలమే ఆ నవల. కావున అట్టి కథకు రెండు వస్తువులు అవసరము. బాల్యమునకును వివాహమునకును నడుమ కొన్ని యేండ్ల వ్యవధి ఉండవలెను. వధువు నోట వెలువడిన మాటకు విలువ ఉండవలెను. ఈ రెండింటిలో ఏది లేకున్నను అనురాగకథ నడవదు. దానిపై ఆధారపడిన హాస్యము అసలే నడవదు.

ఈ దేశములో ఆనాడు ఆ రెండును అరుదు. ఈ విషయమున తెలుగుదేశమునకు సంబంధించిన ఒక లెక్క మరపురానిది. విశాఖపట్టణ మండలములోని బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని జరిపిన వివాహముల పట్టికను విజయనగర ప్రభువు ఆనంద గజపతి తయారు చేయించెను. మూడేండ్లలో 1,034 వివాహములు ఆ పట్టికకు ఎక్కినవనియు, అది సంపూర్ణము కాదనియు గురజాడ అప్పారావు 1897 నాటి ‘కన్యాశుల్కము’ పీఠికలో తెలిపెను. అందు 99 మంది పిల్లలు అయిదేండ్లవారు. ముగ్గురు ఒక్క యేడాది వారు. ఒక యేటి పసిబిడ్డకు జరుగు పెండ్లిలో అనురాగమెక్కడ? నిరాకరణమెక్కడ? గురజాడ ఆ పెండ్లి సన్నాహమును నాటకముగా వ్రాసి దేశమును నవ్వించిన మాట నిజమే. కాని ఆ నవ్వంతయు పెద్దలమీదనే. అగ్నిహోత్రావధాన్లమీద, లుబ్ధావధాన్లమీద, వారిని ఆడించు వారిమీద ఆ నవ్వు ప్రసరించును. ఎవరి పెండ్లి తప్పించుటకై ఇంత కథ నడచినదో ఆ సుబ్బికి నాటకములో దాదాపు మాటలే లేవు. చిన్నపిల్లకు మాటలెట్లుండును? గురజాడ పొరపాటున విడిచిన సంగతి కాదది. నాటకమంతయు దానిమీదనే నిలిచినది.

ఉత్తరదేశపు తొలి కథాగ్రంథములు ఈ చిక్కును మరియొక విధముగా తప్పించుకొనినవి. నజీర్ అహమ్మద్ ఉర్దూలో రచించిన ‘మిరాతుల్ ఉరూస్’ 1869లో వచ్చినది. ఆ పేరునకు నవవధువు చేతి అద్దము అని అర్థము. మరుసటి యేడు, 1870లో, మీరట్ నగరమున పండిత గౌరీదత్తుడు హిందీలో తోడికోడండ్ర కథను ప్రకటించెను. శ్రద్ధారామ ఫిల్లౌరీ ‘భాగ్యవతి’ని 1877లో రచించెను. ఈ మూడింటిలోను స్త్రీయే ప్రధానపాత్ర. కాని ఆమె కన్యగా గాక కోడలిగా పాఠకుని ఎదుట నిలుచును. పెండ్లి ఎట్లు కుదిరినదను ప్రశ్న కంటె, కాపురము ఎట్లు దిద్దుకొన్నదను ప్రశ్నయే వాటికి ముఖ్యము. లెక్కలు వ్రాయగల కోడలు, వ్రాయలేని కోడలు. పొదుపరి, దుబారా మనిషి. ఇట్టి జంటలను ఎదురెదురుగా నిలిపి ఆ గ్రంథములు నీతి చెప్పినవి. అందు చమత్కారము కలదు, గృహజీవితపు సొగసు కలదు. కాని పెండ్లి సన్నాహములో వధువునకు చోటు లేనందున ఆ సన్నాహము కథ కాజాలకపోయినది.

చోటు దొరికిన మొదటి ప్రదేశము మలబారు. ఒయ్యారత్తు చందుమేనోన్ ఆంగ్లప్రభుత్వ కొలువులో మునసబుగా పని చేసినవాడు. ఆంగ్ల నవలలు విడువక చదివి, వాటి కథలను ఇంటివారికి మలయాళములో వినిపించుచుండెడివాడు. డిజ్రేలీ నవల నొకదానిని తర్జుమా చేయబూని, అది తనవారికి రుచింపదని విడిచి, తానే స్వయముగా 1889లో ‘ఇందులేఖ’ను వెలువరించెను. నాయర్ల మరుమక్కత్తాయ పద్ధతిలో స్త్రీ పుట్టింటనే ఉండును. సంబంధము కుదుర్చుకొనుటకును, విడిచిపెట్టుటకును ఆమెకు కొంత స్వేచ్ఛ కలదు. పసితనమున కన్యాదానము చేయవలెనను నిర్బంధము అక్కడ అంతగా లేదు. కావున చదువుకొన్న పదునెనిమిదేండ్ల అవివాహితను కథానాయికగా నిలుపుటకు చందుమేనోన్ ఎచ్చటినుండియో ఆచారమును అరువు తేవలసిన పని లేకపోయినది.

ఇందులేఖ మాధవుని వరించినది. ఇంటి పెద్ద పంచుమేనోన్ కోపావేశమున ఆమెను మాధవునకు ఇయ్యనని శపథము చేసి, ధనికుడైన సూరి నంబూదిరిని రప్పించెను. ఆ నంబూదిరి రాక భారతీయ నవలలోని ఉత్తమ హాస్యఘట్టములలో నొకటి. బంగారు నగలు, జరీ వస్త్రములు, పల్లకి, పరివారము. అన్నియు సిద్ధమే, వధువు సమ్మతి యొక్కటియే కొరత. ఆమె ఎదుట నిలిచినంతనే అతని గొప్పయంతయు గాలి తీసిన తిత్తివలె అణగిపోవును. కాదనగల స్త్రీ ఎదుటనే పెండ్లికొడుకు నవ్వులపాలగునని ఆ ఘట్టము తేటపరచుచున్నది. చందుమేనోన్‌కు ఈ విషయము కథలో మాత్రమే కాదు, కచేరీలోను పట్టుదలతో కూడినది. సంబంధమును ఆంగ్ల న్యాయస్థానములు వివాహముగా అంగీకరింపకుండెను. ఆ విషయమును విచారించుటకు 1891లో ఏర్పడిన మలబారు వివాహ సంఘములో అతడును సభ్యుడు. సంబంధము నిజమైన వివాహమేయని అతడు తక్కినవారితో విభేదించి ప్రత్యేకముగా తన అభిప్రాయమును వ్రాసియిచ్చెను.

అయితే ఆ నవల నవ్వులో ఒక మూల నీడ కలదు. వట్టి చేతులతో మరలిపోవుట అవమానమని తలచి సూరి నంబూదిరి ఆ ఇంటనే కల్యాణికుట్టి అను మరియొక పిల్లతో సంబంధము చేసికొని, తెల్లవారకముందే ఆమెను వెంటబెట్టుకొని పోవును. ఇందులేఖ మాట చెల్లినది. కల్యాణికుట్టిని ఎవరును అడుగలేదు. పాఠకుడు మాధవుని కొరకు ఆత్రపడుచు ఆమెను మరచిపోవును. ఇట్టి నవలలలో ఒకరి సంతోషము పందిటి నడుమ వెలుగుచుండగా, అడుగబడని మరియొకరు పందిటి వెలుపల నిలిచియుందురు. ఈ జాతి నవల చరిత్రను చదువుటకు వారిని గుర్తుపట్టుట ఒక మంచి ఉపాయము.

వంగదేశమున రవీంద్రనాథ ఠాకూరు 1900, 1901 సంవత్సరములలో ‘భారతి’ అను వంగపత్రికలో ‘చిరకుమార సభ’ను ధారావాహికగా వ్రాసెను. తరువాత అది ‘ప్రజాపతిర్ నిర్బంధ’ అను పేరుతో నవలగా వచ్చినది. 1920 తరువాతి దశకమున నాటకమైనది. ప్రజాపతి యనగా వంగభాషలో బ్రహ్మయు అగును, సీతాకోకచిలుకయు అగును. అందుచేతనే వంగీయుల శుభలేఖలపై సీతాకోకచిలుక బొమ్మ ముద్రింతురు. నవల పేరులోనే ఉన్న ఈ శ్లేష తెలుగులో నిలువదు. బ్రహ్మముడి యను మాట అర్థమును కొంతవరకు పట్టుకొనును గాని చిలుక ఎగిరిపోవును.

కథ ఇది. దేశసేవకై ఆజన్మబ్రహ్మచర్యము అవలంబింతుమని కొందరు యువకులు సభ కట్టిరి. ఆ సభకు పూర్వసభ్యుడైన అక్షయుడు పెండ్లి చేసికొని పోయెను. అతని అత్తగారికి ఇంకను ఇద్దరు పెండ్లికావలసిన కూతుళ్లు కలరు. కులము మంచిదని పెద్దలు వెదకి తెచ్చిన ఇద్దరు వరులను అక్షయుడు ఆటపట్టించి సాగనంపును. ఆ కన్యల అక్క శైలబాల పురుషవేషము ధరించి, అబలాకాంతుడను పేరుతో బ్రహ్మచారుల సభలో చేరి, ఆ సభనే తన ఇంటికి తరలించును. గుమ్మముచాటు గాజుల చప్పుడు, మరచిపోయిన చేతిరుమాలు, ఒక పాట చాలినవి, వ్రతము నిలువలేదు. నవల ముగియునప్పటికి శ్రీశుడు, విపినుడు, పూర్ణుడు ముగ్గురును పెండ్లికొడుకులే. ప్రేమ, పెండ్లి ఏర్పాట్లు, నవ్వు మూడును కలిసి నడచిన కథ భారతీయ భాషలలో ఇంత పరిపూర్ణముగా అంతకుముందు రాలేదనవచ్చును.

ఈ పెండ్లిండ్లన్నింటిని నడపిన శైలబాల ఎవరు? ఆమె బాలవితంతువు. అందరికంటె తెలివిగలది, అందరికంటె చురుకైనది, కథకు చక్రమువంటిది. కాని మూడు జంటలు కుదిరిన తరువాత ఆమెకు మిగిలినది వేషము విప్పుట మాత్రమే. వితంతు వివాహమును 1856 నాటి శాసనమే అంగీకరించినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపించెను. ఠాకూరు స్వయముగా 1910లో తన కుమారుడు రథీంద్రనాథునకు ప్రతిమాదేవి యను బాలవితంతువును వివాహము చేసెను. అంతకు పదేండ్లకు పూర్వము వ్రాసిన నవలలో మాత్రము ఆయన ఆమెను పందిటి వెలుపలనే నిలిపెను. దానిని గురించి ఒక్క దుఃఖవాక్యమును వ్రాయలేదు. నవ్వుచున్న పాఠకునకు చివర శైలబాల జ్ఞాపకము వచ్చినచో నవ్వు కొంచెము తగ్గును. ఆ తగ్గుటయే ఆ నవలకు బరువు.

శరత్‌చంద్రుని ‘పరిణీత’ 1914లోను, ‘దత్త’ 1918లోను వెలువడినవి. తెలుగు పాఠకులు శరత్తును పరభాషా రచయితగా చూడరు. చక్రపాణి మొదలగువారి అనువాదముల మూలమున ఆ పాత్రలు ఆంధ్రుల ఇండ్లలోని మనుష్యులైపోయినవి. 1961 నాటి ‘వాగ్దానం’ చలనచిత్రము ‘దత్త’ కథయే. ఈ రెండు నవలల పేర్లను పరిశీలించుట మంచిది. పరిణీత యనగా పెండ్లి చేయబడినది. దత్త యనగా ఇయ్యబడినది. రెండును కర్మార్థకములే, చేసినవారు, ఇచ్చినవారు వేరొకరు. కాని కథలు ఆ పేర్లకు ఎదురు నడచును. ‘పరిణీత’లో పిల్లల బొమ్మలపెండ్లి జరుగుచున్న రాత్రి లలిత పరిహాసముగా శేఖరుని మెడలో పూలమాల వేయును. తక్కినవారికి అది ఆట, ఆమెకు వివాహము. తన్ను ఎవరును అడుగకముందే ఆమె తన సమాధానము ఇచ్చివేసినది. ‘దత్త’లో తండ్రి చిన్ననాటి స్నేహితునకు ఇచ్చిన మాట ఒకటి, సంరక్షకుడు తన కొడుకునకై చేయుచున్న ఏర్పాటు ఒకటి, విజయ మనసు ఒకటి. ఒక వరునకై సిద్ధమగుచున్న పెండ్లి మరియొకనితో జరిగి కథ సుఖాంతమగును. కోపము, మొండితనము, ఆకలి గొన్నవానికి అన్నము వడ్డించుట మొదలగు చిన్న సంగతులతోనే శరత్తు ఈ అనురాగమును పెంచును.

కాని శరత్తు రెండవ ప్రశ్నను, అనగా డబ్బు ప్రశ్నను, మరువలేదు. ‘పరిణీత’ మొదటి పుటలోనే గురుచరణునకు అయిదవ ఆడపిల్ల పుట్టినదని కబురు వచ్చును. ఒక కూతురి పెండ్లికై అతని ఇల్లు ఇదివరకే తాకట్టులో ఉన్నది. తాకట్టు పట్టినవాడు శేఖరుని తండ్రియే. అనురాగకథ యంతయు ఆ అప్పుపత్రము నీడలోనే సాగును. వధువు మాటకు విలువ వచ్చినను సరిపోదు. తండ్రి పద్దుపుస్తకము కూడ తేలవలెను.

ఆ పద్దుపుస్తకమును సంపూర్ణముగా విప్పి చూపినవాడు ప్రేమ్‌చంద్. ‘నిర్మల’ ప్రయాగనుండి వెలువడిన ‘చాంద్’ అను స్త్రీల మాసపత్రికలో 1925 నవంబరునుండి 1926 నవంబరువరకు ధారావాహికగా వచ్చి, 1927లో గ్రంథమైనది. దాని ఆరంభము చదువువానికి ఇదొక హాస్యనవల యను భ్రాంతి కలుగును. పదునైదేండ్ల నిర్మలకు సంబంధము కుదిరినది. తండ్రి ఉదయభానులాల్ పేరుగల వకీలు. వరుని తండ్రి కట్నము అడుగలేదు. పెండ్లివారిని మర్యాదగా చూడుడని మాత్రమే కోరెను. అంతటితో ఇంట సందడి మొదలైనది. వడ్రంగులు, కంసాలులు, దర్జీలు, మిఠాయివారు దిగిరి. మొదట అనుకొన్న మొత్తము నానాటికి పెరిగెను. కట్నము లేదు గనుక మర్యాదలు ఘనముగా ఉండవలెనను వాదము వకీలుది. ఇంటిలోని తక్కిన పిల్లల గతి యేమను ప్రశ్న ఆయన భార్య కల్యాణిది. మాటమీద మాట పెరిగినది.

ఇంతవరకు ఏ హాస్యనవలలోనైన ఉండదగిన కలహమే. భార్యను కొంచెము భయపెట్టవలెనని వకీలు రాత్రివేళ ఇల్లు విడిచి పోవుట కూడ పరిహాసకథకు తగిన ఉపాయమే. కాని దారిలో, పూర్వము తాను శిక్ష వేయించిన ఒక దుండగుడు ఎదురై అతనిని కొట్టి చంపును. తండ్రి పోగానే వరునివారు వెనుదీసిరి. కట్నమియ్యలేని తల్లి నిర్మలను ముగ్గురు కొడుకులుగల తోతారాం అను ప్రౌఢ విధురునకు ఇచ్చి పెండ్లి చేసినది. మిగిలిన నవల యంతయు ఆ పెండ్లి ఫలము. పెండ్లి సరుకుల పట్టికతో మొదలైన కథ మృత్యువుతో ముగియును. ‘ఇందులేఖ’లో మూలనుండిన కల్యాణికుట్టివంటి పిల్లయే ఇందు నడుమకు వచ్చినది; అడుగబడని పిల్ల కథయే నవల అయినది. హిందీలో పెండ్లి సందడిని నవ్వుచు చెప్పు నవల బహుకాలము పైకి రాకపోవుటకు కారణము ఇందే కలదు. పాఠకునకు ఆ సరుకుల పట్టిక ధర తెలియును.

ఇక శాసనముల నడక వేరుగా సాగుచుండెను. 1891 నాటి శాసనము, పెండ్లి అయినను కాకున్నను, బాలికతో సంసర్గమునకు కనీస వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచినది. దానికే దేశమంతట అల్లరి చెలరేగెను. శారదా చట్టమని పేరుపొందిన బాల్యవివాహ నిరోధక శాసనము 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వధువునకు పదునాలుగు, వరునకు పదునెనిమిది యేండ్లు ఉండవలెనని అది విధించినది. 1955 నాటి హిందూ వివాహ శాసనము వధువు వయస్సును పదునైదుగా నిర్ణయించినది. 1978లో అది పదునెనిమిదికి, వరుని వయస్సు ఇరువదియొకటికి పెరిగినవి. వరకట్న నిషేధ శాసనము 1961లో వచ్చినది. శాసనము వ్రాసినంతమాత్రమున ఆచారము మారదు. అయినను బాలికల పాఠశాలలు, కళాశాలలు, మహిళా పత్రికలు, ఈ శాసనములు కలిసి మధ్యతరగతి ఇండ్లలో బాల్యమునకును పెండ్లికిని నడుమ కొన్ని యేండ్ల ఎడమును కల్పించినవి. ఆ ఎడములోనే నవ్వునవల అడుగు మోపినది.

తెలుగులో ఈ మార్పు నవలకంటె ముందు తెరమీద కనబడినది. శరత్తును తెనిగించిన చక్రపాణియే కథ సమకూర్చిన ‘పెళ్ళి చేసి చూడు’ 1952లో వచ్చినది. కట్నము చేతికి రాలేదని పీటలమీదినుండి కొడుకును లేవదీసికొని పోయిన తండ్రిని, ఆ కొడుకు కోడలు కలిసి ఉపాయముగా లొంగదీయుదురు. ‘నిర్మల’లో చావునకు దారితీసిన కట్నపు తగాదాయే ఇందు హాస్యమునకు ఆధారమైనది. భేదమొక్కటే: వరుడు తండ్రిమాట దాటి భార్యవైపు నిలిచినాడు.

తమిళమున సా. విశ్వనాథన్, సావి యను పేరుతో, 1963లో ‘ఆనంద వికటన్’ వారపత్రికలో ‘వాషింగ్టనిల్ తిరుమణం’ అను నవలను ధారావాహికగా వ్రాసెను. గోపులు దానికి బొమ్మలు గీసెను. పెండ్లి సన్నాహము తప్ప వేరు కథ లేని నవల ఇది. అమెరికాలోని రాక్‌ఫెల్లర్ కుటుంబపు ఇల్లాలికి దక్షిణదేశపు పెండ్లి చూడవలెనని ముచ్చట పుట్టినది. అచ్చముగా తంజావూరు పద్ధతిలో వాషింగ్టన్ నగరమున పెండ్లి జరుగవలెను. ఇంకేమున్నది! శాస్త్రులు, వంటవారు, నాదస్వరమువారు, అప్పడములు ఒత్తు ముసలమ్మలు విమానములెక్కిరి. వరుని ఊరేగింపు ఆ నగరపు వీథులలో సాగినది. వియ్యాలవారి జగడము లేనిదే పెండ్లి పెండ్లి కాదని విని, అదియును చూడవలెనని ఆ గృహిణి ఉబలాటపడినది. ఇంటిలో నిత్యము కన్నీరు పెట్టించు వియ్యాలవారి అలుక అక్కడ చూడదగిన వేడుక అయిపోయినది.

తమిళ పాఠకులు ఈ నవలను చదివి చదివి నవ్విరి. తమ ఇంటి పెండ్లినే పరదేశి కంటితో చూచుట ఆ నవ్వునకు ఒక కారణము. మరియొక కారణము కలదు. ఈ పెండ్లి ఖర్చు వధువు తండ్రిది కాదు. లక్షలు ఖర్చగుచున్నను ఏ గురుచరణుని ఇల్లు తాకట్టు పడదు. ఏ ఉదయభానులాల్ భార్యతో కలహింపనక్కర లేదు. పెండ్లి సన్నాహమును పూర్ణముగా, భయము లేకుండ నవ్వుచు చూచుటకు ఖర్చును సముద్రముల కావలనున్న కుబేరుని పద్దున వ్రాయవలసి వచ్చినది. సావి దీనిని ఎక్కడను ఎత్తి చెప్పడు; కథ కట్టుటలోనే అది ఇమిడియున్నది. అప్పడములు, శాస్త్రులు, ఊరేగింపు పాఠకునకు గుర్తుండును గాని వధువు పలికిన మాటలు అంతగా గుర్తుండవు. తన పెండ్లిని పరదేశమున వేడుకగా చూపుట ఆమెకు ఇష్టమేనా అను ప్రశ్నకు ఆ సందడిలో తీరిక లేదు.

ఆంగ్లమున విక్రమ్ సేఠ్ రచించిన ‘ఎ సూటబుల్ బాయ్’ 1993లో వెలువడినది. గోపాలకృష్ణ గాంధీ దానిని హిందీలోనికి ‘కోయీ అచ్ఛా సా లడ్కా’ అను పేరుతో తెచ్చెను. ఎవరైన ఒక మంచి పిల్లవాడు అని ఆ మాటలకు అర్థము. పెండ్లికెదిగిన కూతురుగల ప్రతి తల్లి నోట వినబడు పలుకు అది. ఆంగ్ల నామమునకంటె హిందీ నామమే కథకు దగ్గరగా ఉన్నదనిపించును. పదమూడు వందల పుటలకు పైబడిన ఈ నవల ఒక పెండ్లితో మొదలై మరియొక పెండ్లితో ముగియును. కథాకాలము 1950 తరువాతి రెండేండ్లు. తల్లి రూపా మెహరా కన్నీళ్లు, ఉత్తరములు, రైలు ప్రయాణములు అన్నియు కూతురు లతకు వరుని వెదకుటకే. సహపాఠి కబీర్, కవి అమిత్, పాదరక్షల వ్యాపారములో పనిచేయు హరీశ్, ఈ ముగ్గురిలో లత ఎవరిని ఎంచుకొనునో యని పాఠకుడు వేచియుండును.

కబీర్ ముసల్మాను. 1872 నాటి ప్రత్యేక వివాహ శాసనము ప్రకారము హిందువు ముసల్మానును వివాహమాడవలెనన్నచో, తమకు ఏ మతమును లేదని ఇరువురును ప్రకటింపవలెను. ఎవరి మతము వారికుండగనే పెండ్లి చేసికొను వీలు 1954 నాటి శాసనముతో కలిగినది. అనగా లత నిర్ణయము ఆ వీలు రాకపూర్వము జరిగినది. ఆమె కడకు హరీశ్‌నే ఎంచుకొన్నది. మనసును దహించు ప్రేమ తనకు వద్దనియు, కుదురైన జీవితము చాలుననియు ఆమె తలచినది. తల్లి సంతోషించినది, పాఠకులలో పలువురు సంతోషింపలేదు. కాని ఆ మాట లత స్వయముగా చెప్పినది. కబీర్ పందిటి వెలుపల నిలిచిపోయెను. ‘ఇందులేఖ’ నాటినుండి వెలుపల నిలుచుచుండినది ఎవరును అడుగని ఆడుపిల్ల. ఇందు నిలిచినవాడు, అడిగి కాదనిపించుకొన్న పిల్లవాడు. నూరేండ్లలో జరిగిన మార్పు ఈ భేదములో ఇమిడియున్నది. మతము అను గోడ అట్లే నిలిచియుండుటయు ఇందే కనబడుచున్నది.

పెండ్లి సందడిని గూర్చిన అనురాగనవలను విమర్శకులు తరచు కాలక్షేపపు సరుకుగా ఎంచుదురు. బరువైన నవలలు సంఘమును చిత్రించుననియు, ఇవి దానిని మరపించుననియు వారి తలంపు. కాని ‘నిర్మల’ను ‘వాషింగ్టనిల్ తిరుమణం’ పక్కన పెట్టి చదివినవారికి అవి రెండును ఒకే పద్దుపుస్తకములోని రెండు పుటలని తెలియును. ఒకదానిలో ఖర్చు తండ్రి ప్రాణముతో చెల్లింపబడినది. రెండవదానిలో ఆ ఖర్చు కనబడకుండ తీసివేయబడినది. పాఠకుడు మొదటిదానికి ఏడ్చుటకును రెండవదానికి నవ్వుటకును మూలము ఒకటే భయము. ఆ భయము తీరిన ఇంటిలో పుట్టిన పాఠకునకు ఈ నవ్వులో సగము బోధపడకపోవచ్చును. అట్టి ఇండ్లు ఇంకను అన్నిచోట్ల లేవు. శాసనము వచ్చి అరువది యేండ్లు దాటినను వరకట్నము మాట పెండ్లి మాటలలో వినబడుచునే యున్నది.

పెండ్లి నవలను చదువునప్పుడు ఎవరు ఎవరిని వరించిరని మాత్రమే గాక, లగ్నపత్రికలో పేరు లేనివారెవరో, శుభలేఖల ఖర్చు ఏ పద్దున వ్రాయబడినదో కూడ చూడవలెను. కల్యాణికుట్టి, శైలబాల, నిర్మల అక్కడనే ఉందురు. మంచి రచయిత వారిని గురించి ఉపన్యసింపడు. అతడు భోజనముల సందడిని, మేళమును, వియ్యాలవారి అలుకను వర్ణించుచునే, పందిరి గుంజ పక్క ఒకరిని నిలిపి ముందుకు సాగును.